అవగాహన: ఉపవాసానికి ముందురోజు రాత్రి

శుక్రవారం వస్తోందంటే ఫిల్మ్‌నగర్‌కి గుండె దడ. కొత్త సినిమాలు ఎక్కువగా విడుదలయ్యేది ఆ రోజే. మార్నింగ్ షో టాక్ తేలేదాకా నిర్మాత నోట్లో ఇడ్లీ ముక్క దిగదు. అదే శుక్రవారం, అక్కడికి నాలుగడుగుల దూరంలోని బస్తీల్లో, ఇటు బంజారాహిల్స్ నందినగర్ సందుల్లో, కావాలని ముద్ద మానేసే క్రైస్తవులూ ఉంటారు. ఒకరిది దిగని ముద్ద, ఇంకొకరిది ముట్టని ముద్ద. సమాజం, సంస్కృతి పాఠ్యాంశాలు చదివే అభ్యర్థికైనా, వేదాంత కళాశాలలో పరీక్ష రాసే విద్యార్థికైనా ఈ రెండింటి మధ్య తేడా చెప్పగలగడమే ఇక్కడ అసలు పని.

‘క్రైస్తవులు నలభై రోజులు ఉపవాసం ఉంటారు’ అని ఒక వాక్యం రాసి ముగించిన జవాబులు చాలా చూశాను. అది తప్పు కాదు, కానీ అందులో అర మార్కుకి మించి సరుకు లేదు. ప్రశ్న ‘ఉపవాసానికి సిద్ధపడటంలో ప్రార్థన పాత్ర ఏమిటి’ అని వస్తే ఆ వాక్యం అసలు అక్కరకే రాదు.

నాలుగు మాటలు, నాలుగు ఆకళ్లు

తిండి మానడానికి తెలుగులో ఒక్క మాటతో సరిపోదు. ఇంట్లో బియ్యం నిండుకుంటే ఉండేది పస్తు. జ్వరం వచ్చిందని పెద్దవాళ్లు పెట్టించేది లంఖణం. దేవుడి పేరున పగలంతా ఆగి ఒక పూట తినేది ఒక్కపొద్దు. తెలంగాణ పల్లెల్లో శనివారం ఉండే ఇల్లాలికీ, రంజాన్‌లో రోజా ఉండే పొరుగింటి సాయిబుకీ ఇదే మాట వాడతారు. నాలుగోది ఉపవాసం. దగ్గరగా వసించడం అని దానికి వ్యుత్పత్తి చెబుతారు. తెలుగు బైబిల్ అనువాదకులు ఎంచుకున్నది ఈ నాలుగో మాటనే. గ్రీకు మూలంలోని ‘నెస్తెయా’కి అర్థం తినకపోవడం, అంతే. దగ్గరితనం అనే ధ్వని తెలుగు పాఠకుడికి కొసరుగా దక్కింది.

కడుపుకి ఈ తేడాలు తెలియవు. పస్తున్న రోజైనా, ఉపవాసమున్న రోజైనా సాయంత్రం నాలుగింటికి తల తిరిగేది ఒకేలా. తేడా పడేది ముందురోజు రాత్రి. ఎవరి ఎదుట, దేని కోసం, ఎంతసేపు అని ప్రార్థనలో తేల్చుకుని మొదలుపెట్టింది ఉపవాసం. ఏదీ తేల్చుకోకుండా మొదలైన ఖాళీ కడుపు, ఎన్ని వాక్యాలు వల్లించినా, పస్తే. మీ జవాబుకి మొదటి పేరా ఇదే కావాలని నా సలహా.

వేషధారి అంటే నటుడే

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, కొండమీది ప్రసంగం మధ్యలో, యేసు మూడు పనుల గురించి వరసగా మాట్లాడతాడు: దానం, ప్రార్థన, ఉపవాసం. మూడింటికీ ఒకటే షరతు. నలుగురూ చూడాలని చేయకూడదు. అలా చేసేవాళ్లకి తెలుగు బైబిల్ పెట్టిన పేరు ‘వేషధారులు’. అనువాదకులు ఇంతకన్నా మంచి మాట వెతికినా దొరికేది కాదు. గ్రీకులో ఉన్న ‘హుపొక్రితెస్’కి అసలు అర్థం రంగస్థల నటుడు. కపటి అనే అర్థం ఆ మాటకి తర్వాత అంటుకుంది.

స్టూడియోల నీడలో బతికేవారికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఆకలితో ఉన్న ముఖం తెరమీద కనబడాలంటే మేకప్‌మ్యాన్ బుగ్గల కింద నలుపు దిద్దాలి, పెదవులు ఎండినట్టు చేయాలి, జుట్టు రేపాలి. పనిలో పడ్డ మనిషి నిజమైన ఆకలి అంత స్పష్టంగా కనబడదు. యేసు ఉపవాసికి చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: తలకి నూనె రాసుకో, ముఖం కడుక్కో. అంటే మేకప్ తీసేసి రా. నటనే పాపమని దీనికి అర్థం లాగకండి. 1978లో ‘కరుణామయుడు’లో యేసుగా నటించిన విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబాగానూ కనిపించారు, వేషం ఆయన వృత్తి, ఎవరినీ మోసం చేయలేదు. తప్పు ఎక్కడుందంటే, దేవుడి ఎదుట ఉన్నానంటూ ప్రేక్షకుడి వైపు తిరగడంలో.

పక్కన ఒక పోలిక పెడితే విషయం తేటపడుతుంది. అయ్యప్ప దీక్షకి మాల, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు గుర్తులు. హీరోలు మాలలో విమానాశ్రయంలో నడుస్తుంటే ఫోటోలు వస్తాయి. ఎదురైనవారు ‘స్వామీ’ అని పిలవడం ఆ దీక్షలో భాగమే, కనుక కనబడటం అక్కడ నియమం. క్రైస్తవ ఉపవాసానికి బట్ట లేదు, రంగు లేదు, మాల లేదు. ఇదొకటి మంచిదని, అదొకటి కాదని రాయకండి. రెండిటి కట్టుబాట్లు వేరని రాయండి.

ఇక్కడ చురుకైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. మరి విభూది బుధవారం నాడు కథోలికులు నుదుట బూడిద పెట్టుకుని బయటికి వస్తారు కదా? వస్తారు. పైగా ఆ రోజు పూజలో చదివే సువార్త భాగం సరిగ్గా ఈ మత్తయి 6వ అధ్యాయమే. దాచుకోమని చదివి, నుదుట పెట్టి పంపడం! ఆ బూడిద ‘నేను ఉపవాసంలో ఉన్నాను’ అని చెప్పే బిళ్ల కాదనీ, ‘నేను మట్టినే’ అని ఒప్పుకునే గుర్తనీ గురువులు చెబుతారు. ఒప్పుకోలుకీ ప్రదర్శనకీ మధ్య గీత సన్నదే. ఆ ఇరుకును దాటేయకుండా రాసిన జవాబే నాకు నచ్చుతుంది.

క్యాలెండర్ లెక్క

దీని మీద అంకెల ప్రశ్నలు తప్పవు కాబట్టి గబగబా చూద్దాం. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. ఆ పున్నమిని సంఘం తన పట్టికల ప్రకారం లెక్కిస్తుంది. అందుకే ఈస్టర్ మార్చి 22కి ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. అక్కడినుంచి 46 రోజులు వెనక్కి వెళితే విభూది బుధవారం. మధ్యలో 6 ఆదివారాలు పునరుత్థానాన్ని తలచుకునే రోజులు కనుక ఉపవాసపు లెక్కలోకి రావు, మిగిలేవి 40. 2025లో మార్చి 5న మొదలై ఏప్రిల్ 20న ఈస్టర్ వచ్చింది. 2026లో ఫిబ్రవరి 18, ఏప్రిల్ 5. 2025లో రంజాన్ మాసం కూడా మార్చి 2నే మొదలైంది కాబట్టి, హైదరాబాద్‌లో సగానికి పైగా రోజులు రెండు మతాలవారూ పక్కపక్కనే ఉపవాసాలున్నారు.

ఈ కాలానికి పేర్లు ఒక్కో సంఘంలో ఒక్కోటి. కథోలికులు తపస్సు కాలం అంటారు. దక్షిణ ఇండియా సంఘం వంటి ప్రొటెస్టంట్ సంఘాల్లో శ్రమల కాలం, శ్రమదినాలు, లేదంటే లెంటు. ఈస్టర్‌కి ముందు ఆదివారం ఒకరికి మ్రానికొమ్మల పండుగ, ఇంకొకరికి మట్టల ఆదివారం. ఆ రోజు దీవించిన మట్టలను దాచి, మరుసటి ఏడు కాల్చి, ఆ బూడిదనే విభూది బుధవారం వాడతారు. పోయినేటి పండుగ ఈ యేటి పశ్చాత్తాపానికి బూడిదైందన్నమాట.

కథోలిక ధర్మశాస్త్రం (1983) లెక్కలు కచ్చితంగా ఉంటాయి. తప్పనిసరి ఉపవాసం రెండే రోజులు: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజుల్లో ఒక పూట కడుపునిండా, కావాలంటే మిగతా రెండు పూటలా కొద్దిగా తినవచ్చు. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి, ఉపవాసం 18 నిండినవారి నుంచి 60వ ఏడు మొదలయ్యేవరకు. 60వ ఏడు మొదలవడం అంటే 59వ పుట్టినరోజు; ఈ ఒక్క చోట చాలామంది ఏడాది తప్పుతారు. ఇవి కాక దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదనేది వేరే నియమం.

ప్రొటెస్టంట్లకు ఇలాంటి చట్టం లేదు. దాని వెనక ఒక సరదా కథ ఉంది. 1522లో జ్యూరిక్‌లో ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో, తపస్సు కాలంలోనే, సాసేజీలు వడ్డించారు. పుస్తకాల అచ్చుపని ఒత్తిడి ఉంది, పనివాళ్లకి ఒంట్లో బలం కావాలన్నది ఆయన వాదన. ఆ విందులో ఉన్న బోధకుడు జ్వింగ్లీ తాను తినలేదు గానీ, తిన్నవాళ్ల పక్షాన ప్రసంగించాడు: ఏది తినాలో, ఎప్పుడు మానాలో విశ్వాసి స్వేచ్ఛకి వదలాలని. స్విట్జర్లాండ్‌లో మతసంస్కరణకు ఆ వంటకం ఒక నాంది. అలాగని ప్రొటెస్టంట్లు ఉపవాసం వదల్లేదు. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ మొదట్లో బుధ, శుక్రవారాలు రెండూ ఉపవాసముండేవాడు. వారానికి ఆ రెండు రోజుల అలవాటు చాలా పాతది. మొదటి శతాబ్దం చివరికో రెండో శతాబ్దం మొదటికో చెందిన ‘దిదకే’ అనే చిన్న పుస్తకంలోనే అది ఉంది.

ముందు చేయవలసింది

ఆ ‘దిదకే’లోనే మన ప్రశ్నకి పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. బాప్తిస్మానికి ముందు తీసుకునేవారు ఒకటి రెండు రోజులు ఉపవాసముండాలి, ఇచ్చేవారూ ఉండాలి. అంటే ఉపవాసమే ఇంకో పనికి సిద్ధపాటు. అలాంటప్పుడు సిద్ధపాటుకి సిద్ధపాటు ఏమిటి? బైబిల్‌లో ఉపవాసాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక వరస కనబడుతుంది. మొదట కబురు, తర్వాత ఏడుపు, ఆ పైన ఒప్పుకోలు, చివరికి అడగవలసిన ఒక్క సంగతి.

దీనికి నెహెమ్యా గొప్ప ఉదాహరణ. యెరూషలేము గోడలు పడి ఉన్నాయని సూస కోటలో వార్త తెలిసింది. ఆయన కూర్చుని ఏడ్చాడు, కొన్నాళ్లు ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ ప్రార్థనలో తన జాతి పాపాన్నీ తన తండ్రి ఇంటి పాపాన్నీ, తనను కలుపుకునే, ఒప్పుకున్నాడు. ‘వాళ్లు చేశారు’ అనలేదు. ఆఖర్న అడిగింది చాలా చిన్నది, చాలా కచ్చితమైనది: ఈ మనిషి నా మీద దయ చూడాలి. ‘ఈ మనిషి’ అంటే పారసీక చక్రవర్తి. నెహెమ్యా ఆయనకి పానపాత్ర అందించే ఉద్యోగి. రాజు ఎదుట నిలబడి జవాబు చెప్పే క్షణంలో మళ్లీ మనసులోనే ఒక చిన్న ప్రార్థన చేస్తాడు. అది ఒక్క రెప్పపాటు. దాని వెనక నెలల సిద్ధపాటు ఉంది.

యెరూషలేముకి బయల్దేరిన ఎజ్రా అహవా నది ఒడ్డున ఉపవాసం చాటించాడు. కారణం దాదాపు ఇబ్బందికరం. దేవుడి చెయ్యి మా మీద ఉందని రాజుతో ముందే గొప్పగా చెప్పేశాడు, ఇప్పుడు దారిలో దొంగల భయానికి సైనికుల్ని ఇవ్వమని అడగడానికి సిగ్గుపడ్డాడు. ఇంత నిజాయితీగా కారణం రాసుకున్న ఉపవాసం ఇంకోటి లేదనిపిస్తుంది.

తెలుగు సంఘాల్లో ఇదే వరస వాడుక మాటల్లో వినబడుతుంది. ‘ప్రార్థనాంశాలు’ రాసుకోండి, ‘ఒప్పుకోలు’ చేసుకోండి, ‘సమాధానపడండి’. మూడోది తరచు జారిపోతుంది. అర్పణ తెచ్చాక సహోదరుడికి నీ మీద ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వాడితో సమాధానపడి రమ్మని మత్తయి 5వ అధ్యాయం చెబుతుంది. అందుకే ఉపవాసం రోజు పొద్దున్న కంటే ముందురోజు సాయంత్రం చేయవలసిన ఫోన్లు ఎక్కువ. మాట్లాడటం మానేసిన తోడికోడలికి, బాకీ ఉన్న దుకాణందారుకి.

తర్వాతిది గంటల లెక్క. అన్నం తినే అరగంటని ఏం చేస్తారో ముందే తేల్చుకోకపోతే ఆ అరగంట సెల్‌ఫోన్ తింటుంది. చాలా ఇళ్లలో ఒక నోటుబుక్కు పెట్టుకుని, టిఫిన్ వేళకి ఒక కీర్తన, మధ్యాహ్నం భోజనం వేళకి పేర్ల పట్టిక, రాత్రి వేళకి కృతజ్ఞత అని పంచుకుంటారు. కథోలికులు తపస్సు కాలపు శుక్రవారాల్లో సిలువమార్గం నడుస్తారు. దానికి 14 స్థలాలు, అంకె గుర్తుంచుకోండి. దక్షిణ ఇండియా సంఘంవారు, బాప్తిస్టులు సాయంత్రాలు ఇంటింటా సిలువ ధ్యాన కూడికలు పెట్టుకుంటారు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. వేళ దాటిపోతున్నా ఏడో ప్రసంగీకుడు కుదించడు.

ఒంటి సంగతి కూడా సిద్ధపాటులో భాగమే. రోజుకి నాలుగు కాఫీలు తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వచ్చే తలనొప్పిని ఆత్మీయ పోరాటం అనుకుంటారు. వారం ముందు నుంచి తగ్గించుకుంటే సరిపోతుంది. లెంటు మనకి ఎండాకాలం మొదట్లో వస్తుంది కనుక నీళ్లు మానే ఉపవాసం జాగ్రత్త. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుడి మాట వినాలి. ఏ సంఘమూ వీరిని బలవంతపెట్టకూడదు.

పస్తుల నేల మీద ఉపవాసం

తెలుగునాట క్రైస్తవ చరిత్ర చదివితే ఉపవాసం కన్నా కరువు ముందు ఎదురవుతుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గరి గుట్ట ఎక్కి ప్రార్థించారు. ఆ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమన్నదే వారి విన్నపం. ఆ గుట్టకి ప్రార్థన కొండ అని పేరు నిలిచింది. దీన్ని ఉపవాసం అని రాయకండి, అది వేకువ ప్రార్థన. కానీ ‘ఒక్క సంగతి అడగడం’ అన్నదానికి ఇంతకు మించిన తెలుగు ఉదాహరణ లేదు. పన్నెండేళ్లకి, 1866లో, జాన్ క్లౌ ఒంగోలు చేరాడు.

1876–78 మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల ముక్కకి కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం కావాలని జనం మీద పడ్డారు. ఆయన ఆపేశాడు. కూలి కోసం, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం ఆగేదాకా ఎవరికీ ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పస్తుని భక్తిగా లెక్కవేయకూడదన్న పట్టుదల అందులో ఉంది. మన నాలుగు మాటల పాఠానికి చరిత్రలో సాక్ష్యం ఇదే.

మెదక్ కథ ఇంకో రకం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కూలీలకి పని, తిండి దొరికేలా పదేళ్లపాటు కట్టించిన మహాదేవాలయాన్ని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. గోపురం ఎత్తు 175 అడుగులు. 1947 సెప్టెంబర్ 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో అది మెదక్ అధ్యక్ష మండలానికి కేంద్రమైంది. వెస్లీ శిష్యులు కదా, ఉపవాసం వాళ్ల వారసత్వమే. కానీ ఆకలిగొన్నవాడికి ముందు అన్నం పెట్టి, ఉపవాసం సంగతి ఆ తర్వాత చెప్పారు.

హైదరాబాద్‌లో ఉపవాస ప్రార్థన అనే అలవాటుకి బలంగా ముద్రవేసిన పేరు బఖ్త్ సింగ్. 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకి ఇంగ్లండ్, కెనడా వెళ్లి క్రైస్తవుడై 1933లో తిరిగి వచ్చారు. 1941లో మద్రాసులో స్వతంత్ర సంఘం మొదలుపెట్టే ముందు సహవాసులతో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. 1950 నుంచి ఆయన కేంద్రం ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను. 2000 సెప్టెంబర్ 17న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

దేవుడి మీద నిరాహార దీక్షా?

పోటీ పరీక్షల అభ్యర్థికి ఉపవాసం అనగానే పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952 అక్టోబర్ 19 నుంచి డిసెంబర్ 15 దాకా, 58 రోజులు, ప్రాణం పోయేవరకు. లేదా 2009 నవంబర్ 29న మొదలైన కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ ప్రకటన. ఇవి నిరాహార దీక్షలు. వాటి చూపు ప్రభుత్వం వైపు, వాటి బలం జనం చూడటంలో. చూసేవాడు లేని నిరాహార దీక్ష ఉండదు.

ఉపవాస ప్రార్థన దీనికి తలకిందులు. కానీ మనవాళ్లు చాలాసార్లు దాన్ని దీక్షలాగే వాడతారు: ‘నలభై రోజులున్నాను, ఇంకా వీసా రాలేదు’, ‘ఇరవై ఒక్క రోజులు చేశాను, అవకాశం రాలేదు’. యెషయా 58వ అధ్యాయం ఈ గొణుగుడుతోనే మొదలవుతుంది. మేము ఉపవాసముంటే నువ్వు చూడవేం అని జనం దేవుణ్ని నిలదీస్తారు. వచ్చిన జవాబు చురకలాంటిది. ఉపవాసం రోజునే మీ పనివాళ్లని పిండుతున్నారు, తగవులాడి పిడికిళ్లు ఎత్తుతున్నారు అని. ఆ తర్వాత అసలు ఉపవాసం ఏదో చెబుతాడు: కట్లు విప్పడం, అన్నం పంచడం, దిక్కులేనివాణ్ని ఇంటికి తేవడం.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు అడిగి సమ్మె చేసినప్పుడు షూటింగులు ఆగాయి. ఎవరి పక్షం న్యాయమన్నది ఇక్కడి ప్రశ్న కాదు. ఒక యజమాని లెంటులో నలభై రోజులూ మాంసం మాని, లైట్‌మ్యాన్ బేటా మూడు నెలలు ఆపితే యెషయా దాన్ని ఏమంటాడో మాత్రం ఊహించుకోవచ్చు. కూలి చెల్లించడం కూడా ఉపవాసానికి ముందురోజు చేయవలసిన పనుల్లో ఒకటి.

తడబడే చోట్లు

‘దానియేలు ఉపవాసం’ అని ఈ మధ్య బాగా వినబడేది రెండు వేర్వేరు అధ్యాయాల కలగలుపు. 1వ అధ్యాయంలో శాకాహారం, నీళ్లతో 10 రోజుల పరీక్ష. 10వ అధ్యాయంలో రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మాని మూడు వారాల దుఃఖం. 21 అని అడిగితే 10వ అధ్యాయం.

ఎస్తేరు ఉపవాసం మూడు రోజులు, నీళ్లు కూడా లేకుండా. ఆ పుస్తకం హీబ్రూ పాఠంలో దేవుడి పేరు ఎక్కడా లేదు, ప్రార్థన అన్న మాటా రాదు. ‘ఎస్తేరు ప్రార్థించెను’ అని ఉటంకించకండి.

మోషే ధర్మశాస్త్రం ఇశ్రాయేలుకి ఏటా విధించిన ఉపవాసం ఒక్కటే, ప్రాయశ్చిత్త దినం. వారానికి రెండుసార్లని గొప్ప చెప్పుకున్నది లూకా 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు. అక్కడ దొరికే పాఠం ఏమిటంటే ప్రార్థన కూడా వేషం కాగలదు. ‘ప్రార్థన, ఉపవాసం వల్లనే’ అనే మాట ఉన్న మత్తయి 17వ అధ్యాయం 21వ వచనం చాలా పాత వ్రాతప్రతుల్లో కనబడదు. నీనెవె పేరు మీద మూడు రోజుల ఉపవాసం సిరియన్ సంప్రదాయంలో ఇప్పటికీ ఉంది. నగరంలోని మలయాళీ సంఘాల్లో అడిగితే చెబుతారు.

ఒక కాల్‌షీట్ రోజు

ఈ ప్రశ్నను సందర్భ రూపంలో అడిగితే ఎలా రాయాలో చూద్దాం. కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేసే ఒక అక్క అనుకోండి. కృష్ణానగర్‌లో అద్దె గది. లెంటులో ఒక శుక్రవారం ఉపవాసం ఉండాలనుకుంది. పొద్దున్న అయిదున్నరకి కంపెనీ వ్యాన్, ఆరింటికి లొకేషన్‌లో ప్రొడక్షన్ టిఫిన్. ప్రశ్న: ఆమె సిద్ధపాటులో ప్రార్థన ఏమేం చేయాలి?

గురువారం రాత్రి నుంచి మొదలుపెట్టండి. ఆమె ప్రార్థనాంశం ఒక్కటే రాసుకుంటుంది: తమ్ముడి తాగుడు. పది రాసుకుంటే ఏదీ అడిగినట్టుండదు. ప్రార్థనకి కూర్చుంటే, మొన్న చీర కనబడలేదని అసిస్టెంట్ పిల్లని అందరి ముందూ తిట్టిన సంగతి అడ్డం వస్తుంది. చీర తర్వాత ఇంకో పెట్టెలో దొరికింది. ఒప్పుకోలు దేవుడి దగ్గర అయిపోతుంది గానీ, సమాధానం ఆ పిల్ల దగ్గరే కావాలి. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తుంది. ఇదంతా ఆకలి మొదలవకముందే జరిగిన పని.

పొద్దున్న ముఖం కడుక్కుని, తల దువ్వి, ఎప్పటిలాగే బయల్దేరుతుంది. టిఫిన్ దగ్గర ప్రొడక్షన్ కుర్రాడు ‘అక్కా, ఇడ్లీ తిన్లేదేం?’ అంటాడు. ఇక్కడ విద్యార్థులు రెండుగా చీలిపోతారు. కొందరు ‘తిన్నానని చెప్పాలి, మత్తయి 6 ప్రకారం దాచాలి’ అని రాస్తారు. రహస్యంగా చేయమన్నది నిజమే, అబద్ధం ఆడమని ఎక్కడా లేదు. ‘ఇవాళ వద్దులే తమ్ముడూ’ అంటే చాలు. వాడు మళ్లీ గుచ్చి అడిగితే ‘ఉపవాసం’ అన్నా తప్పు లేదు. ఆమె చాటలేదు, అడిగిన మాటకి జవాబిచ్చింది.

మధ్యాహ్నం బ్రేక్‌లో అందరూ బంతి కూర్చున్నప్పుడు ఆమెకి దొరికేది అరగంట. కాస్ట్యూమ్ వ్యాన్ వెనక, ఇస్త్రీ బట్టల మధ్య నిలబడి తమ్ముడి పేరు చెబుతుంది. మోకరించే చోటు లేదు. తన వంతు భోజనాన్ని వృథా కాకుండా సెట్ గేటు దగ్గర కాపలా ఉన్న తాతకి పంపిస్తుంది. యెషయా 58 ఈ పేరాలో రాయాలి, ముందు కాదు.

ఇక విరమణ. ఎప్పుడు ఆపాలో గురువారమే తేల్చుకుంది కాబట్టి, మూడింటికి కళ్లు తిరిగినప్పుడు నీళ్లు, కాస్త ఉప్పు వేసిన మజ్జిగ తాగి ఆగుతుంది. మజ్జిగ తాగితే ఉపవాసం చెడిందా అన్న ప్రశ్నతో పది నిమిషాలు తనలో తాను కొట్టుకోదు. ప్యాకప్ ఆరింటికి కావాలి. హీరో షాట్ ఒకటి మిగిలిపోయిందని ఎనిమిదిన్నర అయింది. వ్యాన్‌లో పక్క సీట్లో కూర్చున్న అసిస్టెంట్ పిల్ల బ్యాగులోంచి అరటిపండు తీసి, ఏమీ అడక్కుండా, సగం తుంచి ఇచ్చింది.